ఒలిచిన కందికట్టె

నాగపూర్,
ఫిబ్రవరి 12.

కృపక్కకు సలాం.

ఈ గుండ్రటి కాగితాన్ని అప్పడమనుకుని నూనెలో వేసేయకు. ఇది ఉత్తరమే. మన ఊరి కందికట్టెతో నేను చేసిన కాగితం. మా ల్యాబ్‌లో కట్టెను ఉడికించి గుజ్జు తీసి, నీళ్ళలో కలిపి, గుండ్రటి జల్లెడ మీద పోస్తాం. నీళ్ళు కారిపోయాక ఒత్తి ఆరబెడతాం. అందుకే దీనికి ఈ ఆకారం. ఫోన్ చేయొచ్చు కదా అని నువ్వు గొణుగుతావని తెలుసు. ఫోన్‌లో మాట్లాడితే సిరా పాకుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది? జవాబు రాయడానికి ఖాళీ కాగితాలు కూడా పెట్టాను. అంగన్‌వాడీ రిజిస్టర్లు రాసి రాసి నీ చెయ్యి రోకలిలా తయారైంది కదా, నీ చేతికి ఆగిందంటే ఏ చేతికైనా ఆగుతుంది.

అసలు సంగతి చెబుతాను, కూర్చో. మన కట్టె గెలిచిందక్కా!

కాగితానికి మామూలుగా వెదురు, సుబాబుల్, సరుగుడు వాడతారు. అవి ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. మన దగ్గర వాన మొహం చాటేసి శనక్కాయ పోయినా, సాళ్ళలో కంది మాత్రం మొండిగా నిలబడుతుంది. కాయ కొట్టుకుని కట్టెను పొయ్యిలో పెడతాం, మిగిలింది చేలోనే కాలబెడతాం. ఆ కట్టెతో రాసుకునే తెల్ల కాగితం చేయొచ్చని మూడేళ్ళుగా అందరి చెవుల్లో జోరీగనై తిరుగుతున్నాను. ఇక్కడి చుట్టుపక్కల చేలలో దొరికే కట్టెతో చేస్తే అంతంతమాత్రంగా వచ్చింది. నల్ల మచ్చలు, బలం తక్కువ. అందరూ పెదవి విరిచారు. అప్పుడే నిన్ను మన ఊరి కట్టె ముక్కలు కొట్టించి పంపమన్నాను.

నువ్వు పంపిన బస్తా విప్పితే ముక్కలు తెల్లగా, బెరడు లేకుండా ఉన్నాయి. మన ఎండ సంగతి నీకు తెలుసు కదా. ఆ ఎండకు కట్టె ఎండి బెరడు తనంతట తానే ఊడిపోయిందని నాకు వెంటనే అర్థమైంది. మామూలుగా పట్టే కాస్టిక్ సోడాలో సగంతోనే మెత్తగా ఉడికింది. మడత పరీక్షలో కాగితాన్ని మిషన్ అటూ ఇటూ మడిచి మడిచి అలిసిపోయింది కానీ కాగితం తెగలేదు. నివేదికలో ఒక పేరా నిండా అనంతపురం ఎండను పొగిడాను. మనల్ని ఇన్నేళ్ళు మాడ్చినందుకు ఆ మాత్రం పని చేసిపెట్టింది.

ఒక పెద్ద మిల్లువాళ్ళు మా ఫలితం చూసి జూన్‌లో తమ యంత్రం మీద ట్రయల్ వేస్తామన్నారు. అది నెగ్గితే మన మండలాల కట్టె పొయ్యిలోకి పోదు, మిల్లుకు పోతుంది. నెగ్గకపోతే ఈ ప్రాజెక్టు మూసేస్తారు, దానితోపాటు నా ఉద్యోగమూ పోతుంది. కానీ ఆ భయం ఇప్పుడు లేదు.

ఆసియా


బెళుగుప్ప,
ఫిబ్రవరి 24.

చిరంజీవి ఆసియాకు కృపక్క దీవెనలు.

నీ అప్పడం అందింది. సిరా పాకలేదు. నేను నొక్కి రాసినా అవతలికి దిగలేదు. ఇదిగో చూడు, కావాలనే ఇక్కడ మూడుసార్లు నొక్కి గీశాను. మా జిల్లా ఆఫీసువాళ్ళిచ్చే రిజిస్టరు కంటే నీ కాగితం వెయ్యి రెట్లు నయం.

నీ ఉత్తరాన్ని సెంటర్ అరుగు మీద కూర్చుని సుంకమ్మవ్వకు, రామక్కకు, మిగతా ఆడవాళ్ళకు చదివి వినిపించాను. సుంకమ్మవ్వ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది. "మన కట్టెనా ఇది? మెత్తగ పసిబిడ్డ మాదిరి ఉండాదే!" అంది. రామక్క వెలుతురుకు పెట్టి చూసి, "పొయ్యిలో పెట్టి ఎంత కాల్చినామో పాపిష్టోళ్ళము" అని నిజంగానే బాధపడింది. నువ్వు ఈ ఊరి వీధుల్లో ముక్కు కారుకుంటూ తిరిగిన పిల్లవని, ఇప్పుడు మిషన్లను అలిసిపోయేట్టు చేస్తున్నావని తలచుకుంటే నాకు గర్వంగా ఉంది. ఈ మాట నీకు మొహం మీద చెప్పను కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను.

ఎండను పొగిడావు, బాగానే ఉంది. కాస్త సుంకమ్మవ్వను కూడా పొగుడు తల్లీ. ఎర్రప్ప చేలో కట్టె కోయించి, "ముక్కలు కొట్టి ఆసియాకు పంపాల" అన్నానో లేదో, ఆమె కొడవలి పట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క కట్టెను కింది నుంచి పై దాకా ఒలిచింది. వేరు మొదళ్ళు నరికి పారేసింది. వంకర కట్టె, పుచ్చు కట్టె పక్కకు తోసింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు. తర్వాత ముక్కలు కొట్టి, కడిగి, చాప మీద ఆరబోశారు. ఎందుకవ్వా ఇంత అవస్థ అంటే, "ఊరు దాటి పొయ్యే పిల్లకు చింతపండు గింజ తీయకుండా పంపుతామా? మిరపకాయ తొడిమ తీయకుండా పంపుతామా? కట్టె మాత్రం బెరడుతో పంపేదెట్ల?" అంది. నాలుగు రోజులు వాళ్ళ వేళ్ళకు గుడ్డలు చుట్టుకునే తిరిగారు. నీ మీద వాళ్ళకున్న ప్రేమ అట్లాంటిది.

మిల్లు ట్రయల్ రోజు నాకు మాత్రం ఫోనే చెయ్యి. అప్పుడు ఉత్తరం కోసం ఎదురుచూడటం నా వల్ల కాదు.

కృపక్క


నాగపూర్,
మార్చి 5.

అక్కా,

ఫోన్ చేయాలని చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. నా గొంతు వింటే నువ్వు భయపడతావు.

ఒక్క మాట చెప్పు. కొంత కట్టెను ఒలిచారా, మొత్తం ఒలిచారా?

కందికట్టె బెరడులో రంగు, జిగురు, దుమ్ము ఉంటాయి. బెరడుతో ఉడికిస్తే కాస్టిక్ ఎక్కువ తాగుతుంది, కాగితానికి మచ్చలు వస్తాయి. వేరు మొదలులో ఇసుక ఉంటుంది. మిల్లుకు లారీలకు లారీలు కావాలి. వాటిని ఒలిచే చేతులు లోకంలో లేవు. ఒలిచే మిషన్ పెడదామంటే, వేలంత సన్నటి కట్టెకు ఆ ఖర్చు గిట్టదు. నేను సగం కాస్టిక్ చాలని రాసింది ఒలిచిన కట్టెకు. నేను మెచ్చుకున్నది మన ఎండను కాదు, సుంకమ్మవ్వ కొడవలిని.

అవ్వకు ఏమీ చెప్పకు.

ఆసియా


బెళుగుప్ప,
మార్చి 14.

ఆసియా,

మొత్తం ఒలిచారమ్మా. ఒక్క కట్టె కూడా వదల్లేదు. నా ముందే జరిగింది, నేను కూడా కాసేపు కూర్చుని ఒలిచాను.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. వాళ్ళ మంచితనాన్ని పొగుడుతూ రాసిన మాటలతోనే నీ పని చెడగొట్టానని అర్థమైంది. అట్లా రాయకపోయి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించాను. అప్పుడు ఇంకా ఘోరంగా, మిల్లులో నలుగురి ముందు బయటపడేది. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

అయినా నాకు ఒక ఆలోచన వచ్చింది, కోప్పడకుండా విను. సుంకమ్మవ్వకు కారణం చెప్పలేదు. ట్రయల్‌కు ఇంకా కట్టె కావాలంట అన్నాను, అంతే. "ఎంతైనా ఒలుస్తాము, పక్క ఊరోళ్ళను గూడా పిలుస్తాము" అంది. ఆ ఒక్క ట్రయల్‌కు సరిపడా ఒలిచి పంపుతాం. నీ ఉద్యోగం నిలబడుతుంది, ప్రాజెక్టు నిలబడుతుంది. తర్వాత బెరడు సంగతి నువ్వే తీరిగ్గా చూసుకోవచ్చు కదా. ఇది అబద్ధం కాదు, కొంచెం గడువు తీసుకోవడం. నేను ఇట్లా రాస్తానని నువ్వు అనుకుని ఉండవు. నేను కూడా అనుకోలేదు. నీ ఉద్యోగం పోతుందంటే నాకు న్యాయం, అన్యాయం రెండూ కనపడటం లేదు.

కృపక్క


నాగపూర్,
ఏప్రిల్ 3.

కృపక్కకు,

నీ ఆలోచనకు నాకు కోపం రాలేదు. ఒక రాత్రంతా దాన్ని పక్కన పెట్టుకుని పడుకున్నాను. అంటే నాకూ ఆశ పుట్టిందన్నమాట. తెల్లారేసరికి నాకే సిగ్గేసింది. ఈ ఒక్క ట్రయల్ నెగ్గితే మిల్లువాళ్ళు ఏం చేస్తారు? మన దగ్గరకొచ్చి రైతులతో ఒప్పందం చేసుకుంటారు. ఎర్రప్పలాంటి వాళ్ళు కట్టె కుప్పలు వేసుకుని ఎదురుచూస్తారు. మొదటి లారీ మిల్లులో దిగగానే మాకొద్దని తిప్పి పంపుతారు. అప్పుడు మన మండలం కట్టె పేరు శాశ్వతంగా పాడవుతుంది. మళ్ళీ ఎవడొచ్చి చెప్పినా ఏ మిల్లూ వినదు.

అందుకే సమీక్షలో లేచి నిలబడి చెప్పేశాను. నమూనా ఒలిచినది, నేను సరిచూసుకోలేదు, ఎండ గురించి రాసింది నా ఊహ, ఫలితం వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. మిల్లు తరఫున వచ్చినాయన ఫైలు మూసేసి టీ అడిగాడు. జూన్ ట్రయల్ రద్దయింది. మా వాళ్ళు సెప్టెంబరు వరకు గడువిచ్చారు, అప్పటికి మామూలు కట్టెతో పనికొచ్చేదేదీ తేలకపోతే మూసేస్తారు.

మా విభాగం పెద్ద విజయభాస్కర్ గారిది మన వజ్రకరూరే అని నీకు చెప్పాను కదా. అందరూ వెళ్ళిపోయాక పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన ఇంగ్లీషు, హిందీ రెండూ పక్కన పెట్టి మన భాషలో అన్నారు: "మా వూర్లో వాన పడితే జనమంతా వజ్రాల కోసం చేలల్లో తిరుగుతారమ్మా. మెరిసే రాయి దొరికితే కొంగున కట్టుకొని ఇంటికొస్తారు. అది ఉత్త రాయని తెలిసినా చానామంది పారెయ్యరు, దాపెట్టుకుంటారు. తనంతట తాను పారేసినోళ్ళను నేను చూసింది చానా తక్కువ. ఈ పొద్దు నిన్ను చూసినా." నేను అక్కడే ఏడ్చేశాను. ఆయన కిటికీ వైపు తిరిగి నాకు కొంచెం సమయం ఇచ్చారు. అంత పెద్దమనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం.

ఇప్పుడు నాకు కట్టె కావాలి. ఎర్రప్ప కుప్పలో ఉన్నది ఉన్నట్టు. బెరడు, మట్టి, వేరు, వంకర, పుచ్చు అన్నీ. కడగొద్దు. ఈసారి బస్తా కాదు, ఒక మినీ లారీ పంపుతున్నాను.

ఆసియా


బెళుగుప్ప,
ఏప్రిల్ 22.

చిరంజీవి ఆసియాకు,

ముందు నాకు నా మీదే కోపం వచ్చింది. నాలుగు వాక్యాల్లో నువ్వు నాకు బుద్ధి చెప్పావు. చిన్నదానివి, నేనే పెద్దదాన్నని ఇన్నేళ్ళు అనుకున్నాను. వయసు మాత్రమే నాది అని తేలింది.

లారీ వచ్చి వెళ్ళింది. ఆ ముందు జరిగిన రామాయణం విను. మట్టితోనే పంపాలి అంటే సుంకమ్మవ్వ ఒప్పుకోలేదు. కుప్పకు అడ్డంగా కూర్చుంది. ఒలిచి కడిగే పని మిషనే చేస్తుందంట అని బొంకాను. "మిషన్ చేస్తే చెయ్యనీ. మనం చెత్త పంపితే ఆడ ఉండేటోళ్ళు ఆ పిల్లను ఏమనుకుంటారు? దానికి ఊర్లో దిక్కులేదా అంటారు" అంది. ఎర్రప్ప వచ్చి నచ్చజెప్పబోతే, "నీ కట్టెకు నువ్వు యజమానివి గానీ, పంపేదానికి నేను యజమాని" అని అతని నోరు మూయించింది.

నువ్వు వద్దన్నావు కానీ, చివరికి నిజం చెప్పక తప్పలేదు. ఒలిచినందువల్లే లెక్క తప్పిందని, నువ్వు పదిమందిలో ఆ మాట ఒప్పుకున్నావని, ఉద్యోగం ఇప్పుడు దారం మీద వేలాడుతోందని చెప్పాను. ఆమె కుప్ప ముందు నుంచి లేచి పక్కకు జరిగింది. తర్వాత, "దాని నోటికాడి కూడు మేమే తీసినామా?" అని అడిగింది. నేను కాదన్నాను. నమ్మలేదు.

మరుసటి రోజు పొద్దున వెళ్ళి చూస్తే ఆమె, రామక్క కలిసి మడిలో మట్టి పిసికి కట్టెలకు పూస్తున్నారు! అడిగితే, "మట్టి కావాలంట గదా, తక్కువ పంపి మళ్ళీ చెడగొట్టేదెందుకు?" అని నన్నే కసురుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పూసిన కట్టెలన్నీ పక్కన పెట్టించాను. ముట్టుకోకుండా వదిలేయడం ఆ ఇద్దరికీ ఎంత కష్టమైన పనో నీకు చెప్పలేను. లారీ కదిలేదాకా సుంకమ్మవ్వ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

కృపక్క


నాగపూర్,
జూలై 9.

కృపక్కకు,

ఆలస్యమైంది, క్షమించు. పని పెనంలా కాలుతోంది.

మట్టి పూసిన సంగతి విజయభాస్కర్ గారికి చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇంతమంది పంపిన నమూనాలు చూసినా, ఇంత మర్యాదగా పంపినోళ్ళు లేరు" అన్నారు.

మామూలు కట్టెతో తెల్ల కాగితం రాదక్కా. అన్ని రకాలుగా ప్రయత్నించాను, రాదు. వచ్చినా గిట్టదు. ఒప్పుకోవడానికి నెల పట్టింది. గుజ్జు నీళ్ళు వదలదు, జల్లెడ మీద బురదలా కూర్చుంటుంది. అప్పుడు విజయభాస్కర్ గారు, తెలుపు మీద మోజు వదులుకోమన్నారు. బెరడు ఉంటే గోధుమ రంగే వస్తుంది, సరే, గోధుమ రంగు కాగితం ఎవరికి కావాలో వెతుకు అన్నారు. గార్లదిన్నె చుట్టూ చీనీ తోటలు గుర్తొచ్చాయి. ఆ బత్తాయి కాయలన్నీ అట్టపెట్టెల్లోనే కదా పోయేది! ఆ అట్ట లోపల వంకీలు తిరిగిన పొర ఉంటుంది చూడు, దానికి తెలుపు అక్కర్లేదు, మచ్చలున్నా ఎవరూ అడగరు. బిగువుంటే చాలు.

కట్టెను చిల్లుల డ్రమ్ములో వేసి తిప్పితే సగం మట్టి రాలిపోతోంది. మిగిలిన ఇసుక తొట్టిలో అడుక్కు దిగుతోంది. గుజ్జులో పాత అట్టపెట్టెల గుజ్జు కలిపితే నీళ్ళు వదులుతోంది. బిగువు సరిపోతోంది. గొప్ప ఫలితం కాదు. నిజమైన ఫలితం. పెట్టెల అట్ట చేసే ఒక చిన్న మిల్లు ఆగస్టులో ఒక రోజు యంత్రం ఇస్తానంది.

ఆసియా


నాగపూర్,
ఆగస్టు 28.

సుంకమ్మవ్వకు ఆసియా సలాం. కృపక్క ఇది నీకు చదివి వినిపిస్తుంది.

అవ్వా, మిల్లులో కాగితం యంత్రం మన వీధి అంత పొడవు. ఒక చివర గుజ్జు నీళ్ళు పోస్తారు, ఇంకో చివర కాగితం చుట్ట తిరుగుతుంది. మధ్యలో తడి కాగితం ఏ ఆధారమూ లేకుండా ఒక రోలరు మీంచి ఇంకో రోలరు మీదికి దాటాలి. గుజ్జులో బలం లేకపోతే అక్కడే తెగుతుంది. తెగితే మిల్లంతా ఆగుతుంది.

నీ కట్టె కాగితం మొదటిసారి తెగింది. రెండోసారీ తెగింది. ఆపరేటరు నా వైపు చూడటం మానేశాడు. యజమాని చేతి గడియారం చూసుకున్నాడు. విజయభాస్కర్ గారు మాత్రం నా పక్కనే నిలబడి నీళ్ళు కొంచెం తగ్గించమన్నారు. మూడోసారి దాటింది. దాటి చుట్టకు చుట్టుకుంది. సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది అవ్వా, మళ్ళీ తెగలేదు. నేను మధ్యాహ్నం అన్నానికి కూడా పోలేదు. కదిలితే తెగుతుందేమోనని పిచ్చి భయం.

మిల్లువాళ్ళు ఈ పంట కట్టె కొంటామన్నారు. బెరడుతో, మట్టితో, వేరుతో. నా ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారు.

నా కూడు తీశానని నువ్వు అన్నావంట. నీ మాట చదివి నేను నిద్రపోలేదు. నాకు చదువు చెప్పినవాళ్ళున్నారు, ఉద్యోగం ఇచ్చినవాళ్ళున్నారు. నేను పంపమన్న కట్టెను నా కోసం వేళ్ళు చీరుకుపోయేలా ఒలిచినవాళ్ళు మీరే. ఆ తెల్ల కాగితంలో ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఈ జన్మలో నేను అంత మంచి కాగితం మళ్ళీ చేయలేను.

నీ ఆసియా


బెళుగుప్ప,
సెప్టెంబరు 10.

చిరంజీవి ఆసియాకు,

నీ ఉత్తరాన్ని సుంకమ్మవ్వకు రెండుసార్లు చదివాను. రెండుసార్లు తెగింది అన్న చోట ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, రెండోసారి చదివినప్పుడు కూడా, దాటుతుందని తెలిసి కూడా. ఎర్రప్ప ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. ఈసారి ఎవరూ కట్టె కాల్చేది లేదని అందరూ అనుకుంటున్నారు. రామక్క తన మనవరాలిని నీ మాదిరి చదివించాలని నాతో చెప్పింది. ఆ మాటకు నా గుండె నిండిపోయింది.

నువ్వు రాసిన చివరి మాటలు విన్నాక సుంకమ్మవ్వ నన్ను కలం తీయమంది. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"అంత చదువు చదివిన పిల్ల, పదిమందిలో నిలబడి నాది తప్పు అన్నది సూడు, దాన్ని కన్న కడుపు సల్లగుండాల. దానికి నేనొక మాట చెప్తా, రాయి కృపమ్మా. అది కట్టెను అడిగింది, కాగితాన్ని అడిగింది, ఆడ మిషన్లన్నిట్నీ అడిగింది. ఒలిచినావా అవ్వా అని నన్నొక మాట అడిగింటే, ఆ పొద్దే చెప్పుందును కదా!"

అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

డిసెంబరులో కంది కోత. సెలవు పెట్టుకుని రా ఆసియా. వచ్చి ఆమె పక్కన కూర్చుని అడుగు.

కృపక్క